ఉత్తరమునకు ఊరు, పేరు, ముద్ర

ముమ్మిడివరము తపాలా కచేరి పిన్‌కోడు 533216. మా ప్రాంతమున ఈ ఆరంకెలు తెలియని ఇల్లు లేదు. మొదటి అంకె 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రములను సూచించును. మొదటి మూడంకెలు కలిసి 533 అయినప్పుడు అది రాజమహేంద్రవరమువైపు చేరవలసిన సంచి యని తెలియును. తక్కిన మూడంకెలు ఉత్తరమును ఇంటింటికి పంచు కచేరిని చూపును. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అను తపాలాశాఖ ఉన్నతోద్యోగి యోచించిన ఈ పద్ధతి 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చెను. మాకు పొరుగున, గోదావరికి ఆవలి గట్టుననున్న యానాము పుదుచ్చేరి పాలనలోనిది. అయినను దాని పిన్‌కోడుకూడ 533తోనే మొదలగును. ఉత్తరము నడచు దారి వేరు, ఊరినేలు ప్రభుత్వము వేరు. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. ముందు దీనితో పని కలదు.

నేడు మేము చెప్పబోవునది కాగితపుటుత్తరమును గూర్చి కాదు. ఈమెయిలును గూర్చి, అందును ఇతరుల కొలువులో గాక మన సొంత సర్వరులో ఈమెయిలు పెట్టుకొనదలచినవారు ముందుగా వ్రాయించుకొనవలసిన పేరు పత్రములను గూర్చి. వీనిని డొమైను రికార్డులందురు. యంత్రము కొనుట సులభము. దానిలో వ్యవహారమును నడపు పోస్ట్‌ఫిక్సు, డవ్‌కాటు మొదలగు సాధనములు ఉచితముగనే లభించును. చిక్కంతయు ఈ పత్రములలోనే యున్నది. అవి తప్పినచో ఏమి జరుగునో మాకు అనుభవమైనది కనుక చెప్ప సాహసించుచున్నాము.

మేము అయిదుగురము. మాలో ఒకరు తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు, ఇద్దరు బడిపంతుళ్లు, ఒకరు కొబ్బరి వర్తకులు, ఒకడు ఇంజనీరింగు ముగించి ఉద్యోగము వెదకుకొనుచున్న కుర్రవాడు. కోనసీమనుండి కువైటు, మస్కటు, దుబాయి పోయి ఇండ్లలో పనిచేయు స్త్రీలు అనేకులున్నారన్న సంగతి తెలిసినదే. వారి కుటుంబములకు కావలసిన అర్జీలు వ్రాసిపెట్టుట, పాస్‌పోర్టు నకళ్లు, జీతపు కాగితములు ఒకచోట భద్రపరచుట, సహాయము చేయగల వారికి పంపుట, ఇదియే మేము సాయంకాలములందు చేయు పని. దీనికి రుసుము లేదు, బోర్డు లేదు.

తొలుత మేమును అందరివలె ఒక పెద్ద సంస్థవారి ఉచిత ఖాతానే వాడుకొంటిమి. ఒకనాటి ఉదయమున ఆ ఖాతా తెరచుకొనలేదు. మా నడవడి అనుమానాస్పదముగ నున్నదని ఒక వాక్యము మాత్రము కనబడెను. ఎవరి నడుగవలెను? తపాలా కచేరియైనచో కిటికీయొద్ద నిలిచి అడుగవచ్చును, కోపపడవచ్చును, రేపు రమ్మన్నచో రేపు పోవచ్చును. ఇక్కడ కిటికీ లేదు, మనిషి లేడు. తొమ్మిది దినములకు అది తనంతట తానే తెరచుకొన్నది. ఆ తొమ్మిది దినములును మా చేతిలోని కుటుంబముల కాగితము లన్నియు మాకే అందరానివైనవి. అప్పుడు 2023వ సంవత్సరములో సొంతపేరుతో సర్వరు పెట్టుకొనుటకు నిశ్చయించుకొంటిమి.

పేరనగా ఏమో మొదట చెప్పవలెను. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య యుండును. యంత్రములు సంఖ్యలతో మాటలాడుకొనును, మనుష్యులకు పేరులు కావలెను. పూర్వము అమెరికాలో ఈ జాలము చిన్నదిగ నున్నప్పుడు, ఏ పేరునకు ఏ సంఖ్య యను పట్టికను కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ అను విదుషి బృందమువారు ఒక్కచోటనే ఉంచి నడపెడివారు. కొత్త యంత్రము పెట్టినవారు వారికి తెలియజేయవలెను, తక్కినవారు ఆ పట్టికను తెచ్చుకొని నకలు వ్రాసికొనవలెను. యంత్రములు పెరిగినకొలది ఈ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనునతడు పట్టికను ముక్కలుచేసి, ఎవరి భాగమును వారే కాపాడుకొనునట్టి కొత్త ఏర్పాటును రూపొందించెను. నేటికిని నడచుచున్నది అదియే.

ఈ ఏర్పాటులో పేరును కుడినుండి ఎడమకు చదువవలెను. ఈ ప్రసంగముకొరకు మేము కల్పించుకొన్న ‘కొబ్బరాకు.ఇన్’ అను పేరునే తీసికొందము. చివరనున్న ‘ఇన్’ భారతదేశమునకు చెందిన కొమ్మ. ఆ కొమ్మ పద్దు ఉంచువారిని అడిగినచో, కొబ్బరాకు సంగతి ఫలానావారి యొద్ద కలదని చూపుదురు. ఆ ఫలానావారి యొద్ద మన పత్రములుండును. మన ఉత్తరముపై ఇంటిపేరు మొదట వ్రాసి, ఊరు, మండలము, జిల్లా క్రమముగ వ్రాసినను, తపాలావారు చదువునది అడుగునుండి పైకే గదా! మా విశ్రాంత పోస్టుమాస్టరుగారికి ఈ ఒక్క పోలికతో సంగతి అంతయు బోధపడినది. మిగిలినవారికి రెండు సాయంకాలములు పట్టెను.

పేరు తెలుగు లిపిలో పెట్టుకొనవలెనని మాకు మిక్కిలి కోరిక యుండెను. ‘.భారత్’ అను కొమ్మ తెలుగు లిపిలో కలదు. కాని యంత్రముల లోపల ఆ తెలుగు పేరు ‘ఎక్స్‌ఎన్’ అని మొదలై, అర్థము లేని ఇంగ్లీషక్షరముల వరుసగ మారి ప్రయాణము చేయును. చిరునామాలో వ్యక్తిపేరుకూడ తెలుగులో నుండుటకు 2012లోనే నియమములు ఏర్పడినను, వానిని పాటింపని సర్వరులు నేటికిని చాల నున్నవి. మన పేరు మనకు ముద్దే, కాని కష్టములోనున్న ఒక సోదరి కాగితము చేరకపోవుటకు మన భాషాభిమానము కారణము కాగూడదని మనసు దిటవు చేసికొని, ‘.ఇన్’నే తీసికొంటిమి. ఈ బాధ ఇంకను మాకు తీరలేదు.

తరువాత యంత్రము ఎక్కడ నుండవలెనను ప్రశ్న. కొబ్బరి వర్తకులవారు తమ దుకాణపు మేడమీది గది ఇత్తుమనిరి. అందు పెట్టి చూచితిమి. రెండు వారములలో మూడు సంగతులు తెలిసినవి. ఇంటి ఇంటర్నెట్టుకు ఇచ్చు సంఖ్య స్థిరమైనది కాదు, తరచు మారును. ఒక్కొక్కచో ఒకే సంఖ్యను అనేక గృహములకు పంచిపెట్టుదురు. ఈమెయిలు రాకపోకలకు 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన నియమములే నేటికిని మూలము. ఆ రాకపోకలు 25వ నంబరు ద్వారముగుండ నడచును. గృహముల కిచ్చు కలుపులలో చాలవరకు ఆ ద్వారము మూసియుండును. తెరచియున్నను, గృహములకు కేటాయించిన సంఖ్యలనుండి నేరుగ వచ్చు ఉత్తరమును పెద్ద సర్వరులవారు గడపయొద్దనే త్రిప్పివేయుదురు.

ఇంకొక కారణము మా జ్ఞాపకమున పచ్చిగ నుండెను. 2022వ సంవత్సరము మే 24వ తేదీన అమలాపురములో అల్లరులు జరిగిన పిమ్మట కోనసీమలో కొన్ని దినములు ఇంటర్నెట్టు నిలిపివేసిరి. ఇంటినుండి పనిచేసికొను యువకులు కంప్యూటరులను సంచిలో పెట్టుకొని సంకేతము దొరకు చోటు వెదకుకొనుచు పోవుట మేము చూచితిమి. ఉత్తరము పంపు సర్వరు, అవతలి సర్వరు తలుపు తీయకున్నచో వెంటనే చేతులెత్తివేయదు. నాలుగైదు దినములైనను మరల మరల ప్రయత్నింపవలెనని నియమము. అంతకు మించినచో, అందలేదని పంపినవారికి తిరుగు టపా పోవును. మేడమీది యంత్రము ఇట్టి సమయమున ఎన్నాళ్లు మూగబోవునో ఎవరు చెప్పగలరు? కావున ఒక నగరములోని యంత్రశాలలో చిన్న సర్వరును నెలసరి అద్దెకు తీసికొంటిమి. పేరు మాది, చోటు వేరు. యానాము పిన్‌కోడు మాటను జ్ఞాపకముంచుకొనుడని అన్నది ఇందుకే.

ఇక పత్రములు. మొదటిది ‘ఏ’ రికార్డు. ‘టపా.కొబ్బరాకు.ఇన్’ అను యంత్రము సంఖ్య 203.0.113.25 అని అది చెప్పును. ఈ సంఖ్య ఉదాహరణలకొరకే లోకమంతట ప్రత్యేకించి యుంచినది, ఎవరి ఇంటిదియు కాదు. రెండవది ‘ఎమ్ఎక్సు’ రికార్డు. కొబ్బరాకు పేరున వచ్చు ఉత్తరములను టపా అను యంత్రమున కిండని అది చెప్పును. 1986లో క్రెయిగ్ పార్ట్రిడ్జి ఈ రికార్డునకు నియమము వ్రాసెను. దానివలన ఉత్తరము పైనున్న పేరొకటి, దానిని పుచ్చుకొను యంత్రము మరియొకటి యగుటకు వీలుపడినది. ఎమ్ఎక్సులో ఒక అంకెకూడ నుండును. రెండు యంత్రములున్నచో చిన్న అంకె గల దానికి ముందు పోదురు. పెద్ద అంకెకు పెద్దరికమని మావాళ్లు మొదట తలక్రిందుగ వ్రాసిరి. ఎమ్ఎక్సు ఎదుట సంఖ్య వ్రాయరాదు, యంత్రము పేరే వ్రాయవలెను. ఆ పేరు మరియొక పేరునకు మారుపేరుగ నుండగూడదు.

ఇక్కడ ఒక చుక్క మమ్ము ఒక రాత్రియంతయు మేలుకొలిపినది. పత్రమును స్వహస్తముతో వ్రాయువారు పేరు చివర ఒక చుక్క పెట్టవలెను. చుక్క పెట్టనిచో, పేరు ఇంకను పూర్తికాలేదని తలచి, యంత్రము దానికి మన ఊరిపేరును మరల తగిలించును. అప్పుడు అది ‘టపా.కొబ్బరాకు.ఇన్.కొబ్బరాకు.ఇన్’ అగును. అట్టి యంత్రము లోకమున లేదు. కొన్ని సంస్థల పలకలలో ఆ చుక్క దానంతట అదే పడును. అట్టిచోట మనము పట్టుదలతో రెండవ చుక్క పెట్టరాదు. మాది ఏ రకపు పలకయో తెలియక, పెట్టి, తీసి, మరల పెట్టితిమి. పైగా రికార్డునకు గడువుకాల మొకటి యుండును. మేము దానిని 86,400 సెకండ్లుగ, అనగా ఒక పూర్ణ దినముగ నుంచితిమి. తప్పును దిద్దినను, లోకములోని నకళ్లలో ఆ తప్పే ఒక దినమువరకు నిలిచియుండును. మార్పు చేయదలచిన ముందుదినముననే ఆ గడువును 300 సెకండ్లకు తగ్గించుకొని, పని ముగిసిన పిమ్మట పెంచుకొనవలెనని ఆ రాత్రి నేర్చుకొంటిమి.

చుక్క కుదిరినది. మరుసటి దినమునుండి ఉత్తరములు రాసాగినవి. మస్కటునుండి ఒకటి, హైదరాబాదునుండి రెండు. మేమును బదులు వ్రాసితిమి. మాలో మేము పంపుకొని చూచుకొంటిమి, చక్కగ అందినవి. పని పూర్తియైనదని టీ తెప్పించుకొని త్రాగితిమి. మా పొరపాటు ఇక్కడనే యున్నది.

2024వ సంవత్సరము మార్చి 17వ తేదీన కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష మొదలుపెట్టెను. నివాసపు అనుమతి గడువు దాటిపోయినవారు జరిమానా లేకుండ దేశము విడిచిపోవుటకు జూన్ 17వరకు అవకాశమిచ్చి, పిదప దానిని జూన్ 30వరకు పొడిగించిరి. మా దగ్గరి లంకగ్రామమునకు చెందిన ఒక సోదరి అక్కడ చిక్కుపడి యుండెను. ఆమె పాస్‌పోర్టు యజమాని చేతిలో నుండెను. రాయబార కార్యాలయమువారు అట్టివారికి అత్యవసర ప్రయాణపత్రము ఇత్తురు గాని, పాత పాస్‌పోర్టు నకలు మొదలైనవి చూపినచో పని త్వరగ అగును. ఆ నకలు మాయొద్ద కలదు. అక్కడ మన తెలుగువారే ఒకరు ఇట్టివారికి సాయపడుచు, ఫోనులో సందేశములు వందలకొలది వచ్చుచున్నవి గనుక కాగితములు మాత్రము ఈమెయిలులోనే పంపుడని అందరిని కోరిరి. మేము ఏప్రిల్ నెలలో మా సర్వరునుండి పంపితిమి. తిరుగు టపా రాలేదు కనుక అందినదనుకొంటిమి. జవాబు రాలేదు కనుక ఆయనకు తీరిక లేదనుకొంటిమి. ఇట్లు పదునొకండు దినములు గడచినవి.

ఆ సోదరి అన్నగారు మా వద్దకు వచ్చి, “ఏమండీ మాస్టారూ, మీరు పంపానన్నారు, ఆయనేమో ఏమీ రాలేదంటున్నారండి. మరి మధ్యలో ఎక్కడ ఆగినట్టండీ?” అని అడిగెను. గొంతులో కోపము లేదు. కోపమున్నచో మాకు కొంత తేలికగ నుండెడిది. అప్పుడే ఫోను చేయగా, ఆ పెద్దమనిషి తన పెట్టెలోని చెత్తబుట్ట తెరచి చూచి, అక్కడ మా ఉత్తరము మొదటి దినమునుండియు పడియున్నదని చెప్పెను.

మా కుర్రవాడు ఆ ఉత్తరము తలకట్టును తెప్పించుకొని చదివి, తలవంచుకొని ఇట్లనెను: “తప్పు నాదేనండి. మనకి ఉత్తరాలు రావడానికి ఏం కావాలో అది చేశానండి. మనవి వెళ్తే నమ్మడానికి ఏం కావాలో అది చెయ్యలేదండి, ఆయ్.” పోస్టుమాస్టరుగారు వాని భుజముమీద చేయివేసి, “ఒక్కడిదే ఎలా అవుతుందిరా అబ్బాయ్, టీ అందరం తాగాం కదా” అనిరి.

వాడన్న మాటలో సంగతి అంతయు కలదు. ఎమ్ఎక్సు రాకకు మాత్రమే. మనకు వ్రాయువాడు మన ఇంటిని వెదకుకొనుటకు అది చాలును. కాని మనము వ్రాసినప్పుడు, అవతలివాడు “ఈ ఉత్తరము తెచ్చినవాడెవడు, వీనిని పంపినది నిజముగ కొబ్బరాకువారేనా?” అని అడుగును. ఈమెయిలు పుట్టిననాటి నియమములలో ఈ ప్రశ్నయే లేదు. ఎవడైనను ఎవరి పేరైనను వ్రాసికొని పంపవచ్చును. మోసగాండ్రు దానిని కనిపెట్టి లోకమును చెత్త ఉత్తరములతో నింపిన పిదప, ఒకదానిపై నొకటిగ మూడు నాలుగు సాక్ష్యములు ఏర్పడినవి. పైగా 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలవారు ఈ సాక్ష్యములను ఖచ్చితముగ కోరసాగిరి. గూగులువారి నియమమునుబట్టి దినమునకు అయిదువేలకు మించి ఉత్తరములు పంపువారికి అన్నియు కావలెను, మావంటి చిన్నవారికిని కనీసమొక సాక్ష్యము, సంఖ్యకు పేరునకు పొత్తు ఉండవలెను. మేము సర్వరు పెట్టినది ఆ గడువునకు ముందు, ఆ సోదరి కాగితము పంపినది ఆ గడువునకు తరువాత. లోకములో నియమము మారినది మాకు తెలియనే లేదు.

మొదట సంఖ్యకు పేరునకు గల పొత్తును చూచితిమి. ‘ఏ’ రికార్డు పేరునుండి సంఖ్యకు దారి చూపును. సంఖ్యనుండి పేరునకు తిరుగుదారికి ‘పీటీఆర్’ అను వేరొక పత్రము కావలెను. అందు సంఖ్యను తలక్రిందుగ, 25.113.0.203 అని వ్రాసి, ప్రత్యేకమైన ఒక కొమ్మక్రింద నుంచుదురు. ఈ పత్రము మన చేతిలో నుండదు. పేరునకు మనము యజమానులము, సంఖ్యకు కాదు. సంఖ్య నిచ్చిన యంత్రశాలవారు వ్రాయవలెను. అద్దెయింటి గోడమీద మన పేరు పలక తగిలించుటకు ఇంటివారి అనుమతి కావలసినట్లు, వారికి అర్జీ పెట్టి రెండు దినములు కాచుకొంటిమి. అదే సమయమున మరియొక సంగతి బయటపడెను. మాకు ముందు ఆ సంఖ్యను అద్దెకుండినవా రెవరో చెత్త ఉత్తరములు పంపియుండిరి కాబోలు, ఆ సంఖ్య ఒక నిందితుల పట్టికలో నుండెను. పూర్వపు కాపురస్థుడు అప్పుచేసి పోయిన ఇంట కాలుపెట్టినచో అప్పులవాండ్రు మన తలుపు తట్టుదురు. కొట్టివేయుమని వ్రాయగా, నాలుగవ దినమున కొట్టివేసిరి. సంఖ్యను పుచ్చుకొనుటకు ముందే దాని పూర్వచరిత్ర విచారింపవలెను.

తరువాతది ‘ఎస్‌పీఎఫ్’. ఫలానా యంత్రములు మాత్రమే మా పేరుతో ఉత్తరములు పంపుటకు అధికారము గలవని మనమే ప్రకటించు పత్రమిది. ‘టీఎక్స్‌టీ’ అను వ్రాతరికార్డులో ‘వి=ఎస్‌పీఎఫ్1 ఎమ్ఎక్స్ -ఆల్’ అని ఒక్క పంక్తి చాలును. మా ఉత్తరములు పుచ్చుకొను యంత్రమే పంపునది కూడ, తక్కినవారెవరు తెచ్చినను త్రోసివేయుడని దాని అర్థము. పరీక్షించుకొను దినములలో ‘ఆల్’కు ముందు అడ్డుగీతకు మారుగ అలగీత పెట్టినచో, త్రోసివేయక అనుమానముతో చూతురు. మా కుర్రవాడు జాగ్రత్తకొరకు రెండు ఎస్‌పీఎఫ్ పంక్తులు వ్రాసెను. ఒక పేరునకు ఒక్కటే యుండవలెను. రెండున్నచో రెండును చెల్లవు. వీలునామాలు రెండైనచో కోర్టులో ఏమగునో మన కోనసీమవారికి చెప్పనక్కరలేదు.

ఎస్‌పీఎఫ్ తెచ్చినవానిని చూచునే గాని, తెచ్చిన ఉత్తరమును చూడదు. మనము పంపినదానిని అందుకొన్నవారు యథాతథముగ మరియొకరికి త్రిప్పి పంపినచో, తెచ్చువాడు మారిపోవును, సాక్ష్యము వీగిపోవును. అందుచేత ఉత్తరముమీదనే లక్కముద్ర వేయు పద్ధతి యొకటి 2007లో నియమరూపము పొందినది. దానిని ‘డీకిమ్’ అందురు. మన సర్వరులో ఒక రహస్యపు తాళపుచెవి యుండును, దానితో ప్రతి యుత్తరమునకు ముద్ర పడును. ఆ ముద్రను సరిచూచు బహిరంగపు తాళపుచెవిని డొమైను రికార్డులో అందరు చూచునట్లు ఉంచవలెను. దారిలో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపడదు. ఈ బహిరంగపు చెవి పొడవైనది, మేము తీసికొన్న 2048 బిట్ల చెవికి సుమారు నాలుగువందల అక్షరములు. వ్రాతరికార్డులో ఒక ముక్కకు 255 అక్షరములకంటె పట్టవు. దానిని రెండు ముక్కలుగ, రెంటికిని వేరువేరు ఉద్ధరణచిహ్నములు పెట్టి వ్రాయవలెను. మేము ఒకే ముక్కగ అంటించగా పలక తోకను కోసివేసి, పొందుపరచితిమని నమ్రతతో చెప్పెను. మూడు దినములు ముద్ర సరిపడలేదు. పోస్టుమాస్టరుగారు కళ్లజోడు పెట్టుకొని, కాగితముమీద అక్షరములు లెక్కపెట్టి, కోత పడిన చోటును కనిపెట్టిరి. రిజిస్టరు ఉత్తరముల నంబర్లు ముప్పదియేండ్లు సరిచూచిన కన్నులవి.

ఈ రెంటికిని పైన ‘డీమార్కు’. ఇది 2015లో నియమపత్రముగ ప్రచురితమైనది. ఉత్తరమునకు కవరుమీద ఒక పంపకందారు పేరు, లోపలి కాగితముమీద మరియొక పేరు ఉండవచ్చును. ఎస్‌పీఎఫ్ చూచునది కవరుమీది పేరును, చదువరి కంటికి కనబడునది లోపలి పేరు. మోసమంతయు ఈ సందులోనే జరుగును. లోపలి పేరు ఎస్‌పీఎఫ్‌తో గాని డీకిమ్‌తో గాని నెగ్గిన పేరుతో సరిపోవలెనని, సరిపోనిచో ఏమి చేయవలెనో మాయిష్టమిదియని డీమార్కు పత్రములో వ్రాయుదుము. మూడు మెట్లు కలవు: ఏమియు చేయకుడు, వేరుగ నుంచుడు, త్రోసివేయుడు. మొదటనే మూడవ మెట్టెక్కినచో, మన తప్పువలన మన ఉత్తరములనే మనము కాల్చుకొన్నవార మగుదుము. మేము మొదటి మెట్టున రెండు నెలలు నిలిచితిమి. ఆ పత్రములో మన చిరునామా యొకటి ఇచ్చినచో, పెద్ద సర్వరులవారు మన పేరుతో వచ్చినవెన్ని, నెగ్గినవెన్ని, ఓడినవెన్ని యను పద్దును సాధారణముగ దినమునకొకటి పంపుదురు. ఈ పద్దులు చదువుట మాకు వ్యసనమైనది. ఒక దానిలో వారమున కొకటి రెండు ఉత్తరములు అపరిచితమైన సంఖ్యనుండి ఓడుచున్నట్లు కనబడెను. మోసగాడు దొరకెనని సంబరపడితిమి. తుదకు చూడగా, అది మా పంతులుగారి ఇంటిలోని స్కానరు. దానికి పాత దారియే జ్ఞాపకమున్నది. దానిని సరిచేసి ఆగస్టులో రెండవ మెట్టు, దసరాల తరువాత మూడవ మెట్టు ఎక్కితిమి.

ఆ సోదరి కాగితములను చెత్తబుట్టనుండి తీసిన ఆ దినముననే ఆ పెద్దమనిషి కార్యాలయమునకు పట్టుకొనిపోయిరి. ఆమె జూన్ మాసములో, పొడిగించిన గడువునకు కొద్దిదినములు ముందు, ఇల్లు చేరినది. మా పదునొకండు దినములు ఆమె యొక గదిలో దాగి గడపిన పదునొకండు దినములు. ఇంటికి వచ్చిన తరువాత ఆమె మా వద్దకు వచ్చి కొబ్బరికాయలు ఇచ్చి పోయినది. ఏమి జరిగినదో ఆమెకు చెప్పితిమి. ఆమె నవ్వి, “పోన్లెండి అన్నయ్యగారూ, వచ్చేశాను కదా” అన్నది.

ఇట్టి పనికి పూనుకొనదలచిన శ్రోతలు, ఉత్తరములు వచ్చుచున్నవి గదాయని తృప్తిపడక, వేరు వేరు సంస్థలలో ఖాతాలున్న నలుగురు మిత్రులకు పంపి, వారి చెత్తబుట్టలనుకూడ చూపుమని కోరవలెను. ఆ యుత్తరపు తలకట్టులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్కు మూడింటి ఎదుట ‘పాస్’ అని యున్నదో లేదో చదువవలెను. ఇదంతయు చేసినను, పెద్ద సర్వరులవారు కొత్త పేరును కొన్ని వారములు అనుమానముతోనే చూతురు. మొదట కొద్దికొద్దిగ పంపవలెను. ఇంత శ్రమ అక్కరలేదనుకొనువారికి డబ్బు పుచ్చుకొని, మన పేరుతోనే ఉత్తరములు నడపి పెట్టు సంస్థలున్నవి. వారి యొద్దకు పోయినను పైచెప్పిన పత్రములలో యంత్రపు ‘ఏ’ రికార్డు, పీటీఆర్ తప్ప తక్కినవి మనమే వ్రాయించుకొనవలెను.

ఇంకొక మాట. పేరు కొనుగోలు కాదు, కౌలు. ఏటేట రుసుము కట్టనిచో పేరు పోవును, దానితో పత్రములన్నియు పోవును. మన కోనసీమలో ఇట్టి పనులు చదువుకొన్న కుర్రవాని చేతిమీదుగ జరుగును. చదువుకొన్న కుర్రవాడు ఊరిలో నుండడు. మావానికి 2025లో బెంగుళూరులో ఉద్యోగమైనది. పోవుటకు ముందు మేము వానిని రెండు ఆదివారములు కూర్చుండబెట్టి, ప్రతి రికార్డును, దాని ప్రయోజనమును, తాళపుచెవి యుంచిన చోటును, పేరు గడువు తేదీని ఒక నోటుపుస్తకములో వ్రాయించుకొంటిమి. చుక్క పెట్టవలసినచోట ఎఱ్ఱసిరాతో పెట్టించితిమి. రహస్యపదములను వేరొక కాగితముమీద వ్రాయించి కవరులో పెట్టి, అంటించి, కొబ్బరి వర్తకులవారి ఇనుపపెట్టెలో నుంచితిమి. ఈ ఏటి రుసుము గడువునకు ఇరువది దినములు ముందుగనే పోస్టుమాస్టరుగారు స్వయముగ చెల్లించి, రశీదును ముద్రించి తెచ్చి, ఆ నోటుపుస్తకము చివరిపుటలో జిగురుతో అంటించిరి.